తెర మీద ఊరు, నక్షలో దారి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో ఉపాధ్యాయుల వంతు వచ్చినప్పుడు పదో తరగతి ఫలితాలు చెప్పి కూర్చోవడం ఆనవాయితీ. ఈసారి సంఘం పెద్దలు మమ్మల్ని వేరే సంగతి చెప్పమన్నారు. ఆదివారం తరగతుల్లో పిల్లలకు సినిమా చూపిస్తున్నారట, తెర మీద మ్యాపులు తిప్పుతున్నారట, దీనికీ చదువుకూ సంబంధం ఏమిటని కొందరు దాతలు అడిగారట. అడగడం న్యాయమే. ఇది మీరు నమ్మి ఇచ్చిన సొమ్ము. ఈ పనిని మేము ముగ్గురు ఉపాధ్యాయులం కలిసి చేస్తున్నాం కాబట్టి ముగ్గురి తరఫునా జవాబు చెప్పుకుంటాం.

పాలమూరు వాళ్లకు నగరం కొత్తది కాదు. మన తాతల కాలం నుంచి మన జిల్లా కూలీలు ఎక్కడెక్కడి ఆనకట్టలో, రోడ్లో, భవనాలో కట్టి వచ్చారు. బొంబాయి బస్సు ఎక్కని కుటుంబం లేని వాడలు వెతికినా దొరకవు. అయితే నగరాన్ని కట్టినవాడు నగరాన్ని చూశాడని చెప్పలేం. పని జరిగే చోటు, పడుకునే రేకుల షెడ్డు, వారానికోసారి సంత. అంతే అతనికి తెలిసిన నగరం. ఇంటి దగ్గరున్న పిల్లలకు తెలిసిన నగరం ఇంకోటి. అది సినిమాలో చూసింది. ఇక తల్లి మనసులో ఉన్న నగరం మూడోది. అది వార్తల్లో విన్నది, భయపెట్టేది.

ఈ మూడు నగరాలూ ఒకదానితో ఒకటి కలవకపోవడం వల్ల వచ్చే నష్టం మీకు తెలుసు. అమ్మాయి ఇంటర్ మంచి మార్కులతో పాసవుతుంది. హైదరాబాదులో సీటు వస్తుంది. ఫీజు కట్టడానికి మీలో ఒకరు ముందుకొస్తారు. అప్పుడు ఇంట్లో, "అంత పెద్ద పట్నంలో ఎక్కడుంటుంది, ఎలా పోతుంది, వద్దులే" అంటారు. డబ్బు సిద్ధంగా ఉండి కూడా చదువు ఆగిపోయిన ఇళ్లు మా ఎరుకలో ఉన్నాయి. స్కాలర్‌షిప్ ఫీజు కడుతుంది. తెలియని చోటు మీదున్న భయాన్ని అది తీర్చలేదు. ఆ భయం మీద పని చేయాలనే ఈ ఆదివారాలు మొదలుపెట్టాం.

సినిమా అనగానే మన పెద్దల్లో కొందరికి అభ్యంతరం ఉంటుంది. దానికి మేము విలువ ఇచ్చాం. ఏ సినిమా చూపించాలన్నా ముందుగా ఇద్దరు పెద్దలు, ఇద్దరు తల్లులు చూసి సరేనన్న తర్వాతే పిల్లలకు వేస్తున్నాం. అలా మొదట ఎంచుకున్నది ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ 1997లో తీసిన చిత్రం. 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' అనే పేరుతో ప్రపంచమంతా చూసింది. ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. భాష పారసీకం. మాటలు అర్థం కాని చోట మేము తెలుగులో చెప్పాం. చాలాచోట్ల చెప్పాల్సిన పని పడలేదు.

కథ చిన్నది. టెహ్రాన్ నగరంలో ఒక పేద ఇల్లు. అలీ అనే అబ్బాయి చెల్లెలు జహ్రా బూట్లు కుట్టించి తెస్తూ కూరగాయల కొట్టు దగ్గర పోగొడతాడు. కొత్తవి కొనే స్తోమత తండ్రికి లేదు. సంగతి ఇంట్లో చెప్పకుండా అన్నాచెల్లెళ్లు ఒకే జత బూట్లు పంచుకుంటారు. పొద్దున బడి చెల్లెలిది, మధ్యాహ్నం బడి అన్నది. ఆమె బడి వదలగానే గల్లీలన్నీ పరుగెత్తి రావాలి, మధ్యలో బూట్లు మార్చుకుని అతను పరుగెత్తాలి. ఆ పరుగుల్లోనే మనకు ఆ ఊరు తెలుస్తుంది. ఇరుకు సందులు, మట్టిగోడలు, ఇంటి ముందు నీటి తొట్టి, వీధి పక్కన పారే కాలువ.

అందులో ఒక చోటు మన సంఘం వాళ్లంతా చూడదగ్గది. తండ్రి ఇంట్లో కూర్చుని మసీదు వాళ్లు అప్పగించిన చక్కెర గడ్డలు పగలగొడుతుంటాడు. కూతురు టీ తెస్తుంది. అందులో చక్కెర లేదు. ఇంత చక్కెర ముందుండగా మళ్లీ తేవాలా అన్నట్టు ఆమె అడిగితే, ఇది మసీదుది, మనకు అమానత్‌గా ఇచ్చింది అంటాడు. ఇంట్లో చక్కెరకే ఇబ్బంది పడే మనిషి ఆ మాట అంటాడు. పిల్లల మధ్య కూర్చుని చూస్తున్న ఒక పెద్దాయన ఆ రోజు నుంచి ఆదివారం సినిమా మీద అభ్యంతరం చెప్పలేదు.

ఇక మ్యాపు సంగతి. ఒక సన్నివేశంలో జహ్రా కాలి బూటు జారి వీధి కాలువలో పడుతుంది. నీళ్లు దాన్ని లాక్కుపోతుంటే పిల్ల పక్కనే పరుగెత్తుతుంది, అందుకోలేదు. సినిమా అయ్యాక ఒక ఏడో తరగతి అమ్మాయి, "సార్, మన మోరీలో నీళ్లు కదలనే కదలవు, అక్కడ అంత జోరుగా ఎందుకు పోతున్నాయి?" అని అడిగింది. మేము జవాబు చెప్పలేదు. తెర మీద టెహ్రాన్ మ్యాపు తెరిచి, ఎత్తుపల్లాలు కనిపించే పొర వేసి, వెతుక్కోమన్నాం.

నగరానికి ఉత్తరాన అల్బోర్జ్ పర్వతాలు. ఊరంతా ఆ కొండల ఒడిలోంచి దక్షిణానికి వాలుగా దిగుతుంది. దక్షిణపు పేటలు సముద్రమట్టానికి సుమారు 1,100 మీటర్ల ఎత్తులో ఉంటే, ఉత్తరపు కొసన ఉన్నవి 1,700 మీటర్లు దాటతాయి. అంటే ఒకే నగరంలో 600 మీటర్ల తేడా. మన చార్మినార్ ఎత్తు 56 మీటర్లు. పది చార్మినార్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా ఆ తేడాకు చాలవు. కొండ మీద కరిగిన మంచునీళ్లు వీధి కాలువల్లో పడి కిందికి దిగుతాయి. అందుకే ఆ జోరు. భూగోళం పాఠంలో 'వాలు' అని ఎన్నోసార్లు చెప్పాం. అది అర్థమైంది మాత్రం బూటు కొట్టుకుపోయిన రోజున.

తర్వాత పిల్లలే ముందుకు నడిచారు. సినిమాలో తండ్రి అలీని సైకిలు మీద ఎక్కించుకుని తోటపని వెతుక్కుంటూ ధనవంతుల పేటకు పోతాడు. పెద్ద గేట్లు, గోడల వెనక చెట్లు, గేటు దగ్గర బొత్తాం నొక్కితే లోపలి నుంచి గొంతు వినపడే యంత్రాలు. పని దొరుకుతుంది. తిరిగి వచ్చేటప్పుడు సైకిలు బ్రేకులు పట్టక ఇద్దరూ పడిపోతారు. "పోయేటప్పుడు కాకుండా వచ్చేటప్పుడే ఎందుకు పడ్డారు?" అని మేము అడిగాం. మ్యాపు చూసిన పిల్లలు, "పోయేది ఎక్కుడు, వచ్చేది దిగుడు" అని ఒక్క గొంతుతో చెప్పారు. ఒకడు ఇంకో మాట కూడా అన్నాడు. "పైన ఉన్నోళ్లకు గాలి, నీళ్లు ముందు దొరుకుతాయి, కింద ఉన్నోళ్లకు వాళ్లు వాడగా మిగిలిందే వస్తుంది." ఆ మాట సినిమాలో ఎవరూ అనరు, మ్యాపులోనూ రాసి ఉండదు. రెండూ చూసిన పిల్లవాడికి తట్టింది.

టెహ్రాన్‌లో దక్షిణాన రైల్వే స్టేషన్ దగ్గర మొదలై ఉత్తరాన తజ్రీష్ దాకా పోయే వలీఅస్ర్ వీధి ఉంది. సుమారు 18 కిలోమీటర్లు, రెండు వైపులా చినార్ చెట్ల వరస. ఆ వీధిని పిల్లలు తెర మీద వేలితో జరుపుకుంటూ కింది నుంచి పైదాకా పోయారు. దారిలో జనం పెట్టిన ఫొటోలు తెరిచి చూశారు. మనం ఏనాడూ పోలేని ఊళ్లో మన పిల్లలకు ఒక వీధి పరిచయమైంది.

ఇక్కడే ఒక అమ్మాయి, ఉత్తరం ఎప్పుడూ పైనే ఎందుకుండాలి అని అడిగింది. అల్ ఇద్రీసీ గురించి చెప్పే అవకాశం అలా దొరికింది. ఆయన సిసిలీ రాజు రెండో రోజర్ కొలువులో పనిచేసిన ముస్లిం భూగోళ శాస్త్రజ్ఞుడు. 1154లో పూర్తిచేసిన ఆయన ప్రపంచ పటంలో దక్షిణం పైన ఉంటుంది. దాని కోసం ఏళ్ల తరబడి యాత్రికులను, వర్తకులను పిలిపించి ఎవరు ఏ దారిన వచ్చారో, ఏం చూశారో అడిగి రాసుకున్నారు. మేము ఆ పటం బొమ్మను తెర మీద వేస్తే పిల్లలు మొదట తలలు వంచి చూశారు, తర్వాత కొందరు లేచి వెనక్కి తిరిగి నిలబడి చూశారు. ఏ నక్ష అయినా ఎవరో ఒకరు ఒక చోట కూర్చుని గీసిందేనని వాళ్లకు ఆ రోజు తెలిసింది.

ఇరాన్ నుంచి హైదరాబాదుకు రావడానికి మనకు దూరం లేదు. 1591లో చార్మినార్ కేంద్రంగా ఆ నగరానికి రూపం ఇచ్చిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ నుంచి వచ్చినవారే. ఆయన సొంత ఊరు అస్త్రాబాద్‌ను ఇప్పుడు గోర్గాన్ అంటున్నారు. పిల్లలు దాన్ని మ్యాపులో టెహ్రాన్‌కు ఈశాన్యంగా వెతికి పట్టుకున్నారు. అక్కడి నుంచి నేరుగా హైదరాబాదుకు దిగాం.

హైదరాబాదు అనగానే మా పిల్లల నోట వచ్చింది 2003 నాటి 'ఒక్కడు'. వాళ్లు పుట్టకముందు సినిమా, అయినా టీవీలో చూసి డైలాగులతో సహా చెబుతారు. ఆ సినిమాలో కర్నూలు కొండారెడ్డి బురుజు ఉంది, హైదరాబాదు చార్మినార్ ఉంది. తెర మీద చూసిన ఆ చార్మినార్ చాలావరకు కళాకారులు వేసిన సెట్టు. ఆ మాట చెప్పగానే పిల్లలు నమ్మలేదు. మ్యాపులో చార్మినార్ చుట్టూ తిరిగి, మక్కా మసీదు ఎటుంది, లాడ్ బజార్ ఎటుంది అని చూసుకుని, సినిమాలో చూసిన వీధులతో పోల్చుకున్నారు. ఇక దూరం సంగతి. కర్నూలు నుంచి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. ఆ దారి కొలిచి చూస్తే బీచుపల్లి, కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్ అన్నీ మన పాత జిల్లా ఊళ్లే. "సార్, సినిమాలో మన జిల్లా మొత్తం ఎగిరిపోయింది" అన్నాడు ఒకడు. నవ్వుకున్నాం. సినిమా మనుషుల్ని దగ్గరగా చూపిస్తుంది, దూరాలను మింగేస్తుంది. మ్యాపు దూరాన్ని గజం తప్పకుండా చెబుతుంది, మనుషుల్ని చూపించదు. పిల్లలు ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి సరిచూసుకోవడం నేర్చుకోవాలి. మా ఆదివారం పాఠమంతా ఇదే.

పెద్దలకు కూడా ఈ పాఠం అవసరమే. 1982లో సాగర్ సర్హదీ హైదరాబాదు నేపథ్యంగా 'బాజార్' తీశారు. గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బున్న మనిషికి ఒక పేద ముస్లిం అమ్మాయిని కట్టబెట్టే కథ. నిజాయితీగా తీసిన సినిమా. అది ఎత్తిచూపిన అన్యాయం ఉన్నదే. దాన్ని మనం దాచుకోకూడదు. అయితే పాతబస్తీ అంటే ఆ ఒక్క కథే అని మనసులో పెట్టుకున్న తల్లిదండ్రులు మనలో ఉన్నారు. అదే పాతబస్తీలో ఎన్ని బడులున్నాయో, కాలేజీలున్నాయో, ఆసుపత్రులున్నాయో మ్యాపులో ఒక్కసారి చూస్తే ఆ కథ పక్కన ఇంకా చాలా కథలున్నాయని తెలుస్తుంది.

పాత మ్యాపులు కూడా చూపించాం. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచిన తర్వాత, 1912, 1915 సంవత్సరాల మధ్య లియొనార్డ్ మన్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో నగరాన్ని వీధి వీధినా కొలిచి పటాలు గీశారు. వాటిని ఇప్పుడు ఇంటర్నెట్‌లో చూడొచ్చు. పాత నక్షను, నేటి ఉపగ్రహ చిత్రాన్ని పక్కపక్కన పెడితే ఊరు ఎలా పెరిగిందో కనిపిస్తుంది. తలాబ్‌కట్ట అన్న పేరులో చెరువు కట్ట ఉంది, అక్కడ ఇప్పుడు ఇళ్లు ఉన్నాయి. పేర్లు చదవడం వస్తే ఊరి చరిత్ర సగం చదివినట్టే.

ఇక తల్లుల ఆదివారం గురించి చెప్పాలి. నెలకోసారి తల్లుల్ని పిలిచి, అమ్మాయి చదవబోయే చోటికి దారి తెర మీద చూపిస్తున్నాం. ఉదాహరణకు కోఠి మహిళా విశ్వవిద్యాలయం. మన బస్సు షాద్‌నగర్, శంషాబాద్, ఆరాంఘర్ మీదుగా ఇమ్లీబన్ బస్టాండుకు చేరుతుంది. అక్కడి నుంచి కోఠి విశ్వవిద్యాలయం రెండు కిలోమీటర్ల లోపే. మెట్రో ఎక్కితే ఒక్క స్టేషను అవతల ఉస్మానియా మెడికల్ కాలేజి దగ్గర దిగి నడవొచ్చు. 2022 నుంచి హైదరాబాదులో వీధి చిత్రాలు చూసే సౌకర్యం కూడా వచ్చింది. రోడ్డు మీద నిలబడి చూసినట్టే కుడి పక్క, ఎడమ పక్క చూసుకోవచ్చు. రంగమహల్ చౌరస్తా ఇదీ, పుత్లీబౌలి ఇదీ అని చూపిస్తుంటే తల్లులు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

వాళ్ల ప్రశ్నలు మా ప్రశ్నల కన్నా మేలైనవి. ఈ దారిలో రాత్రి ఏడు తర్వాత దీపాలుంటాయా? హాస్టలు దగ్గర ఆడవాళ్ల దవాఖానా ఉందా? తిండి హలాలేనా? దవాఖానా ఎంత దూరమో మ్యాపు చెప్పింది. దీపాల సంగతి చెప్పలేకపోయింది, ఎందుకంటే ఆ చిత్రాలు పగటిపూట తీసినవి. అప్పుడు అక్కడే చదువుతున్న మన పాత విద్యార్థినికి ఫోను కలిపి స్పీకర్లో పెట్టాం. ఆమె చెప్పింది విన్నాక ఒక తల్లి, "మా పిల్లను కూడా ఒకసారి తీసుకుపోయి చూపించండి" అంది. వద్దు అన్న నోటి నుంచి వచ్చిన మాట అది. అడ్మిషన్ అప్పుడే ఖాయమైందని మేము అనం. తలుపు తెరుచుకుంది.

మ్యాపుల పరిమితి గురించి ఇంకో ముచ్చట. మా తరగతిలో ఒక పిల్లవాడి తండ్రి పుణె దగ్గర భవన నిర్మాణ పనిలో ఉన్నాడు. ఫోనులో చోటు పేరు అడిగి తెలుసుకుని ఉపగ్రహ చిత్రంలో వెతికితే అక్కడ ఖాళీ నేల కనిపించింది. వాడి మొహం చిన్నబోయింది. ఆ చిత్రం తీసిన తేదీ పాతదనీ, మీ నాన్న కట్టే భవనం ఇంకా నక్షకు ఎక్కలేదనీ చెప్పాం. కాసేపు ఆలోచించి, "అయితే నక్ష కన్నా మా నాన్న ముందున్నాడు" అన్నాడు. ఆ మాట మేము మర్చిపోలేదు. మ్యాపు ఎంత కొత్తదైనా కష్టపడేవాడి వెనకే వస్తుంది.

మన వాడ సంగతి కూడా అంతే. మ్యాపులో మన రోడ్డు ఉంది, గల్లీలు చాలా లేవు. ఉన్న వాటికి పేర్లు లేవు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత నక్షలో ఎవరైనా తమ ఊరి వివరాలు చేర్చవచ్చు. తెలుగులో కూడా పేర్లు రాయవచ్చు. 2010 జనవరిలో హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూసి అక్కడి వీధులను కొద్ది రోజుల్లోనే ఆ నక్షలో గీశారు. సహాయం తీసుకెళ్లేవాళ్లకు అది దారి చూపింది. గల్లీ నక్షలో ఉంటే అంబులెన్స్ దారి తప్పదు. ఈ సంగతి విన్న మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇప్పుడు కాలినడకన తిరిగి బడి, మసీదు, షాదీఖానా, మంచినీళ్ల నల్లా, రేషన్ షాపు ఎక్కడున్నాయో రాసుకొస్తున్నారు. మేము సరిచూసి నక్షకు ఎక్కిస్తున్నాం. ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. అందరికీ చెందిన చోట్లే చేరుస్తాం. ఎవరి ఇల్లూ, ఎవరి పేరూ, ఏ పిల్ల ఎక్కడుంటుందో చెప్పే వివరమూ చేర్చం. ఫోనులో తమ ఉనికి ఎవరికి కనిపించాలో ఎలా అదుపు చేసుకోవాలో ఆడపిల్లలకు విడిగా నేర్పుతున్నాం.

ఇప్పుడు దాతల ముందు మా విన్నపం. ఇంతవరకు ఒక ఉపాధ్యాయుని ల్యాప్‌టాపు, అడిగి తెచ్చిన ప్రొజెక్టరు, గోడకు కట్టిన దుప్పటి, మా ఫోనుల్లోని డేటాతో నెట్టుకొచ్చాం. మాకు కావలసినవి నాలుగు. సొంత ప్రొజెక్టరు ఒకటి, సరైన తెర ఒకటి. ఆదివారం గదికి ఇంటర్నెట్ కనెక్షను. ప్రదర్శన హక్కులతో సినిమాలు తెప్పించుకోవడానికి కొంత సొమ్ము. పిల్లలకు అమానత్ పాఠం చెబుతూ దొంగ కాపీ చూపించడం మాకు ఇష్టం లేదు. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఏడాదికి ఒకసారి, ఇంటర్ చదివే అమ్మాయిలనూ వాళ్ల తల్లులనూ హైదరాబాదు తీసుకెళ్లి, తెర మీద చూసిన దారిలో నడిపించి, సాయంత్రానికి తిరిగి తీసుకొచ్చే బస్సు ఖర్చు. సుమారు 100 కిలోమీటర్ల దూరం. పొద్దున్నే బయలుదేరితే మగ్రిబ్ వేళకు ఇల్లు చేరవచ్చు.

మీరిచ్చే ప్రతి రూపాయికీ లెక్క రాసి, బిల్లులతో సహా వచ్చే సభలో మీ ముందు పెడతాం. ఏ డబ్బు దేనికి వాడవచ్చో సంఘం పెద్దలు, ఉలమా చెప్పినట్టే నడుచుకుంటాం. జకాత్ సొమ్ము దాని హక్కుదారులకే పోవాలి కాబట్టి ఈ సామానుకు మాత్రం మేము సాధారణ విరాళాలే అడుగుతున్నాం.

ఈ సభ చివర పక్క గదిలో మ్యాపు తెరిచి ఉంచుతాం. ఏ ఊరు చూడాలన్నా, మీ పిల్లలు పనిచేసే దుబాయి అయినా, జెద్దా అయినా, పుణె అయినా వచ్చి అడగండి. మా ఏడో తరగతి పిల్లలే చూపిస్తారు.